మిద్దె మీద సోలార్: నెల్లూరు–ఒంగోలు హైవే వెంబడి పెరిగిన సహకార సంఘం పనితనం ఎలా ఉంది?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే వెంబడి ఊళ్ళల్లో ఇళ్ళ మీద సోలార్ పెట్టిస్తున్న సహకార సంఘం ఒకటుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు, రిటైరైన విద్యుత్ సిబ్బంది, టీచర్లు కలిసి ఒక కాలనీ కోసం మొదలుపెట్టారు. సభ్యుల దగ్గర ఆర్డర్లు పోగుచేసి, సామాను ఒకేసారి లారీకి దింపించి, తమ మనుషులతోనే బిగిస్తారు. కరెంటాఫీసు కాగితాలు మొదలుకొని సబ్సిడీ బ్యాంకులో పడేదాకా వాళ్ళే చూస్తారు. ఇప్పుడు కోవూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు దాటి చీమకుర్తి దాకా పాకారు. సంఘం పేరు రాయడం లేదు. ఇక్కడ ఎత్తిచూపే లోపాలు చాలావరకు ఈ రెండు జిల్లాల్లో సోలార్ బిగించే ప్రతి జట్టులోనూ కనబడేవే. కాబట్టి మీరు ఎవరి దగ్గర పెట్టించుకున్నా ఇవి పనికొస్తాయి.

ముందే చెప్పేస్తాం. సామాను మంచిది. ధర న్యాయంగా ఉంది. కాగితాల పని బాగా చేస్తారు. బిగింపు మాత్రం ఏ జట్టు వచ్చిందన్నదాన్ని బట్టి మారుతోంది. తర్వాతి సర్వీసు సంఘం పెరిగినంత వేగంగా పెరగలేదు.

మొదట లెక్క చూద్దాం, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఇళ్ళ మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడోదానికి 18,000 చొప్పున ఇస్తారు. 3 కిలోవాట్లకు 78,000; ఆపైన ఎంత పెట్టినా అంతే. 3 దగ్గర సబ్సిడీ ఆగుతుంది కాబట్టి సంఘం అందరికీ 3 కిలోవాట్లే చెబుతోంది. మాకు నచ్చని మొదటి విషయం ఇదే. మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ యూనిట్లు మీ వాడకంలో పైమెట్టు నుంచి కోసుకుంటూ కిందికి వస్తాయి. కాబట్టి మొదటి కిలోవాటు తెచ్చే లాభం చాలా ఎక్కువ, చివరిది తెచ్చేది చాలా తక్కువ.

మన ఎండకు ఏడాది సగటున కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు. 3 కిలోవాట్లకు నెలకు దాదాపు 350. నెలకు 500 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఛార్జీ 3,523 రూపాయలు పడుతుంది. అందులో 350 సోలార్ ఇస్తే మిగిలే 150కి 567. అంటే నెలకు 2,950 మిగులు. మార్కెట్లో 3 కిలోవాట్లకు 1,80,000 నుంచి 2,10,000 దాకా అడుగుతున్నారు. సబ్సిడీ పోను 1,20,000 చేతినుంచి పెట్టినా మూడున్నరేళ్ళలోపే తిరిగొస్తుంది. ఈ ఇంటికి 3 కిలోవాట్లు సరైనదే.

300 యూనిట్ల ఇంటి సంగతి వేరు. బిల్లులో యూనిట్ల ఛార్జీ 1,673. 2 కిలోవాట్లు పెడితే 235 యూనిట్లొచ్చి, మిగిలిన 65కి 162 రూపాయలు కడతారు. మిగులు 1,511. అదే ఇంటికి 3 కిలోవాట్లు పెడితే మిగులు 1,673. మూడో కిలోవాటు నెలకు తెచ్చేది 162 రూపాయలే. సబ్సిడీ తీసేసినా దానికి మీరు పెట్టేది 40,000 దాకా ఉంటుంది. రెండేళ్ళలో ఏసీ పెంచేదో, బ్యాటరీ స్కూటర్ కొనేదో ఉంటే తప్ప ఆ ఇంటికి 2 చాలు. నెలకు 150 యూనిట్ల లోపు ఇల్లయితే 1 కిలోవాటు. అంతకన్నా పెద్దది పెడితే డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. సంఘం కార్యాలయంలో గోడమీద ఈ మెట్ల లెక్క రాసిపెడితే బాగుంటుంది. గత పన్నెండు నెలల బిల్లులు చూడకుండా ఎంత కిలోవాటో చెప్పేవాళ్ళ మాట నమ్మకండి, వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే.

కొటేషన్ విషయంలో సంఘానికి మంచి మార్కులు వేస్తాం. ప్యానెళ్ళు, ఇన్వర్టరు (ప్యానెళ్ళ డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె), స్ట్రక్చరు (ప్యానెళ్ళను మోసే చట్రం), కేబులు, ఎర్తింగు, కూలి విడివిడిగా రాస్తారు. పన్ను లెక్క మీరూ సరిచూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బిగింపుతో కలిపిన కాంట్రాక్టులో 70 శాతాన్ని సామానుగా, 30 శాతాన్ని సేవగా లెక్కేస్తారు. సేవ మీద 18 శాతం. రెండూ కలిపితే మొత్తం మీద 8.9 శాతం. కాగితం మీద 13.8 కనబడితే అది పాత రేటు. అప్పు కావాలంటే పథకం కింద బ్యాంకులు రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) మీద అర శాతం కలిపి, తాకట్టు లేకుండా ఇస్తున్నాయి. 1,20,000 పదేళ్ళకు 6 శాతం లెక్కన నెలకు 1,332 వాయిదా పడుతుంది. 500 యూనిట్ల ఇంటికి మిగులు అందులో రెండింతలకు పైనే.

సబ్సిడీ కావాలంటే డీసీఆర్ ప్యానెళ్ళే పెట్టాలి. అంటే పైన మాడ్యూలే కాదు, లోపలి సెల్లు కూడా మన దేశంలో తయారైందే కావాలి. అవి కొంచెం ఖరీదు ఎక్కువ, అందుకే మారుస్తారు. సంఘం ఇంటివాళ్ళ ముందే పెట్టె విప్పి, అద్దం కింద ఉన్న నంబరు, వెనక స్టిక్కరు మీది నంబరు, సర్టిఫికెట్ నంబరు మూడూ కలిపి చూపిస్తుంది. ఈ అలవాటు ఎక్కడా సడలలేదు, అభినందించాలి. మామూలుగా 540 వాట్లవి ఆరు, మొత్తం 3.24 కిలోవాట్లు. ఒక్కోటి దాదాపు ఏడున్నర అడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు, 28 కిలోల దగ్గర బరువు. మిద్దె మీద నీడలేని 300 చదరపు అడుగులు కావాలి.

చాలామంది ఫోన్ చేసి అడిగే మాట: “రోహిణి కార్తెలో అంత ఎండ కాస్తుంటే 3 కిలోవాట్లు ఎందుకు చూపించదు?” ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీల దగ్గర కొలిచిన వాట్లే దాని మీద రాస్తారు. మేలో మిద్దె మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, మామూలు పెర్క్ రకానికి డిగ్రీకి 0.35 శాతం లెక్కన 14 శాతం తగ్గుతుంది. టాప్‌కాన్ రకానికి 12. మధ్యాహ్నం ఇన్వర్టరు తెర మీద 2.6 కనబడితే ఆ సిస్టమ్ బాగానే ఉన్నట్టు. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బు ఉంటుంది. ఆ నెలల్లో మబ్బు పట్టిన రోజుల్లో కిలోవాటుకు రెండు మూడు యూనిట్లకు పడిపోతుంది. ఇది ముందే చెప్పని అమ్మకందారు తర్వాత మాట పడతాడు. సంఘం చెబుతోంది, కానీ నోటిమాటగా. కాగితం మీద నెలవారీ అంచనా ఇవ్వాలి.

ప్యానెల్ వాలు 10 నుంచి 15 డిగ్రీలు దక్షిణానికి ఉంటే చాలు. నెల్లూరు అక్షాంశం 14.4 కాబట్టి ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు. మిగతా ఎనిమిది నెలలు దక్షిణాన. అందువల్ల దక్షిణాన ఉన్న నీళ్ళ ట్యాంకు, కొబ్బరి చెట్టు, పక్కింటి మెట్లగది అసలు శత్రువులు. ట్యాంకు ఎత్తుకు రెండింతల దూరం వదలండి. వేసవిలో కొలతలు తీసి, డిసెంబరులో నీడ పడిందని బాధపడే ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఇక గాలి. ఈ సమీక్షలో మేం అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకున్నది స్ట్రక్చరునే. 1989 నవంబరు తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళల్లో ఉన్నారు. భవనాల మీద గాలి ఒత్తిడి లెక్కకు వాడే ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. ఒక ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్ల పైమాటే. అంటే ఒక్కో ప్యానెల్‌ను దాదాపు 390 కిలోల బలంతో లేపుతుందనుకోండి. ఆరింటికి 2,300 కిలోల పైన. ఇప్పుడు మిద్దె మీద ఊరికే పెట్టిన కాంక్రీటు దిమ్మలు చూడండి. అడుగు ఘనపు దిమ్మ 68 కిలోలు. ఎనిమిది దిమ్మలు పెట్టినా 550 కిలోలు దాటదు, సామాను బరువు కలిపినా గాలికి ఆగదు. దిమ్మను స్లాబుకు యాంకర్ బోల్టుతో గానీ, కమ్మీలకు కట్టి పోసిగానీ కలపాల్సిందే. సంఘం పాత జట్టు అలాగే చేస్తోంది: స్లాబులో రంధ్రం, రసాయన యాంకరు, పైన దిమ్మ, దిమ్మ చుట్టూ నీళ్ళు దిగకుండా పూత. కొత్త జట్లు వేసిన కొన్నిచోట్ల దిమ్మలు స్లాబు మీద ఊరికే కూర్చున్నాయి. అడిగితే “స్లాబు కారుతుందని ఇంటాయన వద్దన్నాడండీ” అంటారు. కారకుండా యాంకరు వేయడమే కదా వాళ్ళ పని. ఆ మాట ఒప్పుకోకండి.

ప్యానెల్‌ను చట్రానికి పట్టి ఉంచే క్లాంపుల్లో గాలికి ముందు ఎగిరేది చివరిది. మధ్య క్లాంపును రెండు ప్యానెళ్ళు పట్టుకుని ఉంటాయి, చివరిదాన్ని ఒక్కటే. దాని ఎత్తు ప్యానెల్ ఫ్రేము మందానికి సరిగ్గా సరిపోవాలి. 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు 40 క్లాంపు వేసి వాషర్లు దోపిన చోట, వేలితో కదిపితే కదులుతుంది. ఏటా సెప్టెంబరులో, వానలు మొదలవకముందే, ప్రతి బోల్టూ బిగింపు చూడాలి. తాళ్ళతో కట్టి ఊరుకోవద్దు.

సముద్రం దగ్గర ఊళ్ళల్లో, అంటే మైపాడు, కొత్తపట్నం పక్క, ఉప్పు గాలి రెండో పరీక్ష. ఇనుప చట్రం కరిగిన జింకులో ముంచి తీసిందై, పూత 80 మైక్రాన్లు ఉండాలి. వెండి రంగు స్ప్రే కొట్టిన పైపుకూ దానికీ మొదటిరోజు తేడా కనబడదు. పూత మందం కొలిచే చిన్న మీటరు సంఘం దగ్గర ఉంది, అడిగి కొలిపించండి. అసలు చూడాల్సింది చట్రం మధ్యలో కాదు, కోసిన చోట. పూతంతా బాగున్న ఒక కాలుకు సైటులో అదనంగా వేసిన రంధ్రం అంచు దగ్గర నాణెమంత ఎర్రటి వలయం పట్టింది. అక్కణ్ణుంచి సున్నం వేసిన పిట్టగోడ దాకా గోధుమరంగు చార జారింది. బోల్టు మంచి స్టెయిన్‌లెస్ స్టీలే. కింద వాషరు మామూలు ఇనుము. అది పొరలు పొరలుగా ఊడి, గోటితో గీరితే పొడి రాలింది. పది రూపాయల వాషరు దగ్గర మొత్తం కాలు వదులవుతుంది. సైటులో కోసినా, తొలిచినా, వెల్డింగు చేసినా ఆ రోజే జింకు ఎక్కువున్న పెయింటు రెండు పూతలు వేయాలి. బోల్టు, నట్టు, వాషరు మూడూ 304 గ్రేడు స్టీలు కావాలి.

వడియాలు, మిరపకాయలు, బట్టలు ఆరేసుకునే మిద్దెలకు ఎనిమిదడుగుల ఎత్తు స్ట్రక్చరు అడుగుతారు. వేస్తారు, కానీ ఖర్చూ గాలి దెబ్బా రెండూ పెరుగుతాయి. అడ్డ బద్దెలు లేకుండా నాలుగు కాళ్ళ మీద ఎత్తుగా నిలబెట్టినదాన్ని ఒప్పుకోవద్దు.

వైరింగులో తప్పులు పైకి కనబడవు. ఆరు ప్యానెళ్ళు ఒకే వరసలో కలిపితే ఎండలో దాదాపు 300 వోల్టుల డీసీ. ఏసీ లాగా అది క్షణక్షణం సున్నాకు రాదు, అందుకే వదులు జాయింటులో నిప్పురవ్వ ఆరదు. ప్యానెల్‌తో వచ్చిన కనెక్టరుకు అదే కంపెనీ జత కావాలి. రెండు కంపెనీలవి క్లిక్‌మని కలుస్తాయి, లోపల పిన్ను వదులుగానే ఉంటుంది. రెండు వేసవుల తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది. కనెక్టర్లు స్లాబు మీద నీళ్ళల్లో పడి ఉండకూడదు, చట్రానికి పైకి కట్టాలి. ఎండలో ఉన్నప్పుడు వాటిని చేత్తో లాగొద్దు. ముందు ఇన్వర్టరు, తర్వాత డీసీ స్విచ్చి ఆపాలి.

ఎర్తింగు గుంటలు మూడు: పిడుగు నిరోధకానికి ఒకటి, డీసీ వైపు చట్రానికి ఒకటి, ఏసీ వైపుకు ఒకటి. ఒక్కోటి 5 ఓముల లోపు రావాలి. మేం చూసినచోట్ల ఎక్కువగా తప్పింది ఇదే. రాతి నేల ఉన్న చీమకుర్తి, పొదిలి వైపు రాడ్డు మూడడుగులు దిగి ఆగిపోతే అక్కడే కోసేసి మూత పెట్టారు. అలాంటి చోట బోరు వేసి, మట్టికి బదులు ఎర్తింగ్ పొడి నింపాలి. ఎర్త్ టెస్టరు రీడింగు మీ ముందు తీయించి, తేదీతో రాయించుకోండి. నీళ్ళు పోసి అరగంటకు తీసిన రీడింగు లెక్కలోకి రాదు. ఏప్రిల్‌లో మళ్ళీ తీయించాలి.

ఇన్వర్టరును పడమటి గోడకు ఎండలో బిగిస్తే వేడికి తనంతట తనే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ఉత్తరపు గోడ, లేదా గాలాడే మెట్లగది మంచిది. ఇంట్లో పాత యూపీఎస్ ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. సోలార్ వైరును యూపీఎస్‌కు ముందు, మీటరు వైపు కలపాలి. యూపీఎస్ నుంచి బయటికొచ్చే లైనుకు కలిపితే సోలార్ కరెంటు వెనక్కి తన్ని యూపీఎస్‌ను కాల్చేస్తుంది. పాత ఇళ్ళల్లో వైరింగు గజిబిజిగా ఉన్నచోట సంఘం సీనియర్ మనిషిని పంపుతుంది, ఇది మంచి పద్ధతి.

కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. ఇది లోపం కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకున్నప్పుడు మీ మిద్దె మీది కరెంటు ఆ తీగలోకి వెళ్ళకూడదు. కోతల్లో కూడా కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టాలి, ఖర్చు చాలా పెరుగుతుంది.

పల్లెల్లో వచ్చే ఫిర్యాదు ఇంకోటి: ఉదయం బాగా పనిచేస్తుంది, పదకొండు దాటాక ఎర్రలైటు వెలిగి ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది. తెరమీద వోల్టేజి చూడండి. 240 వోల్టుల లైనుకు నిబంధనల ప్రకారం పైహద్దు 110 శాతం, అంటే 264. అది దాటితే ఇన్వర్టరు ఆగాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు (లైను వోల్టేజిని ఎక్కించే, దించే అమరిక) ఎత్తులో పెట్టి ఉంటే, పగలు వాడకం లేనప్పుడు లైను 255 దగ్గర ఆడుతుంటుంది. మిద్దె మీంచి మీటరు దాకా సన్నటి కేబులుంటే మిగతా వోల్టులు అది కలుపుతుంది. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు. 30 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్లో మూడున్నర, నాలుగు వోల్టులు లేస్తుంది. 6 వేస్తే రెండున్నర దాటదు. దూరం 20 మీటర్లు దాటితే 6 వేయించండి. అయినా ఆగుతుంటే మధ్యాహ్నం మీటరు దగ్గర వోల్టేజి ఫొటో తీసి, ట్యాపు దించమనో, ఫేజు మార్చమనో కరెంటాఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇన్వర్టరు సెట్టింగులో హద్దు పెంచేసి వెళ్ళే కుర్రాళ్ళున్నారు. ఇంట్లో ఫ్రిజ్జు, టీవీలు దానికి బలవుతాయి.

కాగితాల పనిలో సంఘం నిజంగా దిట్ట. కరెంటు పంపిణీ సంస్థల్లో (డిస్కంలు) నెల్లూరు, కావలి తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ కిందికి, ఒంగోలు విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్ కిందికి వస్తాయి. రెండుచోట్లా పద్ధతి తెలిసినవాళ్ళు ఉన్నారు. 2024లో మారిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్టే. 5 కిలోవాట్ల దాకా లైను బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కందే. మీ చేత కట్టించకూడదు. ఆలస్యానికి అసలు కారణం మాత్రం పేరు. కరెంటు సర్వీసు (కనెక్షను) ఇప్పటికీ చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటుంది. ఆధార్, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు మూడింటిలో పేరు కలవకపోతే సబ్సిడీ ఆగుతుంది. దరఖాస్తుకు ముందే సర్వీసు పేరు మార్పిడి చేయించుకోండి. ఇంటిపేరు పొడి అక్షరం తేడా కూడా వదలొద్దు.

ప్యానెళ్ళు బిగించాక నెట్ మీటరు (వచ్చే కరెంటు, పోయే కరెంటు విడిగా లెక్కించేది) రావడానికి ఆలస్యమైతే ఆత్రపడి స్విచ్చి వేయకండి. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు వెనక్కి పోయే కరెంటును కూడా వాడకంగానే లెక్కిస్తాయి. సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో మొదట చూడాల్సింది ఇదే.

శుభ్రం చేసే పని ఊరిని బట్టి ఉంటుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల దుమ్ము తెల్లారుజాము మంచుకు తడిసి, ఎండకు అద్దం మీద పేస్టులా గట్టిపడుతుంది. అక్కడ వారానికోసారి కడగాలి, మిగతా చోట్ల పదిహేను రోజులకు. కనిగిరి వైపు బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే తెల్లటి గార పేరుకుంటుంది. వాన నీళ్ళో, ఫిల్టరు నీళ్ళో వాడాలి. లేదా కడిగిన వెంటనే రబ్బరు వైపరుతో లాగేయాలి. సబ్బు, పీచు వద్దు. ఎండెక్కకముందే కడగండి, కాగిన అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దు. కడిగే ముందురోజు మధ్యాహ్నం పన్నెండుకు, కడిగిన మరునాడు అదే సమయానికి తెర మీది అంకె చూస్తే మీ ఊళ్ళో ఎన్నాళ్ళకు కడగాలో మీకే తెలుస్తుంది.

ఇక పెరుగుదల. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో మహిళల పొదుపులక్ష్మి సంఘాలు ఎలా అల్లుకున్నాయో ఈ సంఘమూ అలాగే అల్లుకుంది: వీధికో చిన్న గుంపు, నెలకో సమావేశం, ఒకరి బిల్లు ఇంకొకరు చూడటం. పక్కింటి బిల్లు చూసి నమ్మినంతగా జనం ప్రకటన చూసి నమ్మరు. నేలటూరులో 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లున్న జిల్లా ఇది. అలాంటి ఒక్క యూనిట్ సామర్థ్యానికి సరితూగాలంటే 3 కిలోవాట్ల మిద్దెలు 2,66,000 పైచిలుకు కావాలి, అదీ ఎండ ఉన్నప్పుడే. అందుకే సంఘం త్వరగా పెరగాలనే కోరుకుంటాం. కానీ ఇళ్ళు పెరిగిన వేగంతో చేయి తిరిగిన మనుషులు పెరగలేదు. కేంద్ర ప్రభుత్వ సూర్యమిత్ర శిక్షణ పొందినవాళ్ళు జట్టుకొకరైనా ఉండాలి. కొన్ని జట్లలో లేరు. పాత జట్టు బిగించిన మిద్దెకూ, కొత్త జట్టు బిగించిన మిద్దెకూ తేడా క్లాంపు దగ్గరా, ఎర్త్ గుంట దగ్గరా స్పష్టంగా తెలుస్తోంది. ఒక ఊరి జట్టు పనిని ఇంకో ఊరి జట్టు తనిఖీ చేసి సంతకం పెట్టే పద్ధతి వెంటనే రావాలి.

పథకం ప్రకారం ఐదేళ్ళ నిర్వహణ బిగించినవాళ్ళ బాధ్యత. హైవే పక్క ఊళ్ళల్లో ఫోన్ చేసిన రెండు రోజుల్లో వస్తున్నారు. లోపలి పల్లెలకు వారం దాటుతోంది. డీసీ ఫ్యూజులు, సర్జ్ నిరోధకాలు, కనెక్టర్లు, ఒక అదనపు ఇన్వర్టరు కావలిలోనూ ఒంగోలులోనూ నిల్వ ఉంచితే ఇందులో సగం తీరుతుంది. ఫిర్యాదు చేసేముందు మీరూ ఒకటి చూసుకోండి: ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చితే ఫోన్లో సిస్టమ్ ఆగిపోయినట్టు కనబడుతుంది. మిద్దె మీద మాత్రం నడుస్తూనే ఉంటుంది.

డబ్బు మూడు వాయిదాల్లో కడతామనండి, సంఘం ఒప్పుకుంటుంది. చివరి పది శాతం చేతిలో ఉంచుకోండి. ఎర్త్ రీడింగు కాగితం, ప్యానెళ్ళ నంబర్ల జాబితా, ఇన్వర్టరు వారంటీ కార్డు, వైరింగు బొమ్మ చేతికొచ్చాక, ఎండ బాగా ఉన్న పూట ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు ఆపేసి నెట్ మీటరు ముందు నిలబడండి. ఎగుమతి అంకె పెరగాలి, దిగుమతి అంకె కదలకూడదు. తారుమారుగా ఉంటే మీటరుకు వచ్చే తీగా, పోయే తీగా అటుదిటు అయినట్టే. సీలు వేయకముందే మార్పించి, అప్పుడు ఆ పది శాతం ఇవ్వండి.